కుక్కల షెడ్డులో పదో రోజు

అరవై ఏళ్ళ వడ్రంగంలో నా వేలు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. పలకను మెటికతో తడితే చాలు, అది ఎన్ని వానలు తాగిందో, ఏ ఏడు వంకర తిరుగుతుందో చెప్పేస్తాను. ఒకసారి ఒక దుంగను తట్టి, లోపల చెదపురుగుల కాపురాలెన్ని ఉన్నాయో, అందులో వేరు పడ్డవెన్నో కూడా చెప్పాను. ఇక కుక్కను ఎంచడం నాకో లెక్కా?

కుక్క ఎందుకంటే, మా ఆవిడకి మూర్ఛ. రెండేళ్ళుగా వస్తోంది. నేను పొద్దున్నే పనికి పోతే మధ్యాహ్నం దాకా ఇంట్లో తనొక్కతే. కుక్క మాట వచ్చిన నెలలో పొయ్యి దగ్గర పడిపోయింది. నేను భోజనానికి వచ్చేసరికి నేలమీద ఉంది, చెయ్యి వేడి గిన్నెకి ఆనుకుని. ఎంతసేపయిందో తనకీ తెలియదు. మోచేతి దాకా తోలు లేచిపోయింది. కింది వాటాలో దర్జీ ఉంటాడు, పిలిస్తే పరుగెత్తుకొస్తాడు. పడిపోయిన మనిషి ఎలా పిలుస్తుంది? మొరిగే ప్రాణి ఒకటి కావాలి.

ఎక్కడ తేవాలన్న దగ్గర పేచీ వచ్చింది. మా బావమరిది బజార్లో కుక్కలమ్మే అద్దాల కొట్టుకి పోదామన్నాడు.

"జాతి కుక్క బావా. దాని ముత్తాత పేరు దాకా కాగితాలిస్తారు."

"నీ ముత్తాత పేరేంట్రా?"

వాడు తల గోక్కున్నాడు.

"కాగితాలున్న కుక్క మొరగదురా తమ్ముడూ, సంతకం పెడుతుంది," అంది మా ఆవిడ. "వీధిలో దెబ్బలు తిన్నదాన్ని తెచ్చుకుందాం. దానికి నిద్ర పల్చగా ఉంటుంది."

అలా పదో తారీఖున మునిసిపాలిటీ వాళ్ళ కుక్కల షెడ్డుకి వెళ్ళాం. పొడుగాటి రేకుల షెడ్డు, తడి సిమెంటు నేల, ఫినాయిల్ వాసన. ఒక్కో బోను తలుపుకీ ఒక పలక, దానిమీద సుద్దతో కుక్క వచ్చిన తేదీ. రబ్బరు బూట్లేసుకున్న కాపలా మనిషి గొట్టంతో నేల కడుగుతోంది.

మా ఆవిడ చేతికర్ర జారి కిందపడింది. ఆ చప్పుడుకి కుక్కలన్నీ మూలలకి పోయాయి. చెవి చిరిగిన ఒక గోధుమరంగు ఆడకుక్క మాత్రం కమ్మీల దగ్గరికొచ్చి, నేను కర్ర తీసి ఆవిడ చేతికిచ్చేదాకా మొరుగుతూనే ఉంది. ఇచ్చాక మానేసింది.

"ఇదేనండీ. ఇప్పుడే తీసుకుపోదాం," అంది మా ఆవిడ.

"చాల్లే. చూసిన రోజే కలప కొంటామా? రెండు రాత్రులు పోనిచ్చి మళ్ళీ చూడాలి. మొదటి రోజు ప్రతి పలకా పెళ్ళికూతురే."

"అది కలప కాదు మహానుభావా!"

"నీకు తెలియదు, ఊరుకో."

కాపలా మనిషి గొట్టం కట్టేసింది. "పది రోజులే ఉంచుతాం తాతా. తరవాత ఇక్కడ ఉండదు."

పలకమీద రెండో తారీఖు. మా పనిలో కలప ఆరబెట్టిన రోజు లెక్కలోకి రాదు, మర్నాటి నుంచి ఒకటి. అలా లెక్కేస్తే పన్నెండుకి పదో రోజు. రెండు రాత్రులూ గడుస్తాయి, గడువూ దాటదు. ఆ అమ్మాయిని అడగనైనా లేదు. అడగడమేమిటి, నేను!

మా ఆవిడ ఆ రెండు రోజులూ కట్టు కట్టిన చేత్తోనే పాత బెల్టుకి బొంత గుడ్డ కుట్టి మెడపట్టీ చేసింది. పన్నెండున పొద్దున్నే అది జేబులో పెట్టుకుని వెళ్ళాను. బోను ఖాళీ. పలక తుడిచేసి ఉంది, ఇంకా తడి ఆరలేదు. వాళ్ళ దగ్గర వచ్చిన రోజే మొదటి రోజు, గడువు నిన్నటితోనే తీరింది.

"నిన్న సాయంత్రమే ఒక కుటుంబం వచ్చి తీసుకుపోయింది తాతా. ఇద్దరు పిల్లలు," అంది కాపలా మనిషి.

నా వేలి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా వెనక తలుపు నేను ఏరిన కలపతో నేను చేసిందే. వానాకాలంలో దాన్ని మూయడానికి ఇద్దరు కావాలి, తీయడానికి నలుగురు. ఊళ్ళో అలాంటి తలుపులు ఇంకో పదకొండున్నాయి. ఆ వీధుల్లో నేను నడవను.

తరవాతి వారం బావమరిది అద్దాల కొట్టు కుక్కని కాగితాలతో సహా తెచ్చాడు. మా ఆవిడ స్నానాలగది దగ్గర పడిపోయిన రోజు అది వచ్చి, పక్కనే ముడుచుకుని హాయిగా నిద్రపోయింది. నేను వచ్చి ఇద్దరినీ లేపాను. దాన్ని వాడికే ఇచ్చేసి, పని మానుకుని, ఆ కుక్క కొలువులో నేనే చేరాను. వంటగది గుమ్మంలో పీటలు చెక్కుతూ కూర్చుంటాను. మొరగడం ఒక్కటే తక్కువ. మొన్న నాకు కునుకు పట్టింది. లేచేసరికి నేలమీద ముందుపన్ను. నాది కాదు.

ఇందులో చాలా వరకు జరిగిందే. తలుపులు పదకొండు కావు, మూడు. చెదపురుగుల కాపురాల సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు. ఆ కుటుంబం, ఆ ఇద్దరు పిల్లలు మాత్రం నా కల్పన. షెడ్డు నుంచి ఇంటికి నడుస్తూ, మా ఆవిడకి ఏం చెప్పాలో తెలియక అల్లాను. కాపలా మనిషి నాతో ఒక్క మాటా అనలేదు. షెడ్డు వెనక అప్పుడే పూడ్చిన మట్టి వైపు చెయ్యి చూపించి, గొట్టం విప్పి, నేల కడుక్కుంటూ పోయింది.

"ఆ పిల్లలు దానికేం పేరు పెట్టారో కనుక్కున్నారా?" అని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. ఇంకా కనుక్కోలేదంటాను.