మూరెడు దూరం

బస్సు కడ్డీ వాసన అరచేతుల్లోంచి పోదు. తుప్పు, చెమట, ఎవరెవరివో చేతులు... సబ్బు పెట్టి రుద్దినా పోదు.

పెద్దది చేతులు వాసన చూసుకుంది. మళ్ళీ అదే పాట ఎత్తుకుంది.

"ఇవాళ తమ్ముణ్ణి నిలబెట్టమ్మా. నేను నీ దగ్గరుంటాను."

మూడు రోజులుగా ఇదే తగువు.

బయట వాన. రేకుల మీద వాన. తల్లి దాని జడ బిగించి రిబ్బను ముడేసింది.

"వాడు ఏడ్చి రచ్చ చేస్తాడే. నువ్వైతే చెప్పిన మాట వింటావు."

"నేనూ ఏడుస్తాను."

"నువ్వు ఏడవవు."

నిజమే. అది ఏడవదు. ఏడేళ్ళది. అందుకే నిలబడేది అది.

బస్సులో ఒక పెద్ద టికెట్టు మీద ఒక్క పిల్ల ఉచితం. రెండో పిల్లకి అర టికెట్టు. తల్లి ఒక్కతే, పిల్లలిద్దరు. చిన్నవాడు చంకలో ఉంటాడు, వాడు ఎటూ పోడు. కాబట్టి రోజూ పొద్దున నలభై నిమిషాలు పెద్దది ఇంకెవరి పిల్లో అవుతుంది. సాయంత్రం ఇంకో నలభై నిమిషాలు, ఇంకెవరి పిల్లో.

రాత్రి కాపలా దిగి వచ్చిన తండ్రి దుప్పట్లోంచే అన్నాడు, రెండు పూటలా అర టికెట్టంటే బుడ్డోడి పాలు గోవిందా అని. నానమ్మ మోకాళ్ళు రాసుకుంటూ నవ్వింది.

"దీనికేం, మహారాణి. రోజుకో అమ్మ. నా కొడుక్కి నేనొక్కదాన్నే దిక్కు."

ఎవరూ నవ్వలేదు. తగువు అక్కడే ఆగింది. తెగలేదు, ఆగింది.

వాన ఆగలేదు.

*

ఎలా నిలబడాలో తల్లే నేర్పింది.

ఒంటరిగా ఎక్కిన ఆడమనిషిని చూసుకోవాలి. మరీ నలగని చీర వద్దు, చిరాకు పడతారు. చేతిలో సంచి ఉంటే మంచిది. ఆవిడ పక్కన నిలబడాలి. తగలకూడదు... తగిలితే తిరిగి చూస్తుంది. మూరెడు దూరం. చూసేవాళ్ళకి కూతురనిపించాలి, ఆవిడకి ఎవరో అనిపించాలి.

నా వైపు చూడకూడదు.

దిగేటప్పుడు గుంపులో కలిసి దిగిపోవాలి.

బస్సు కదిలి వెళ్ళిపోయేదాకా అమ్మా అనకూడదు.

తల్లి బట్టల కంపెనీలో కాజాలు కుడుతుంది. కంపెనీ వెనక సందులోనే బడి, బడి పక్కనే చంటిపిల్లల్ని చూసే ఆవిడ ఇల్లు. ఏడాదిగా ఇదే దారి. ఏడాదిలో ఒక్కసారి కూడా పెద్దది తప్పు చెయ్యలేదు.

ఒక్కసారి కూడా.

*

ఆ పొద్దున బస్సు కిక్కిరిసి ఉంది. కిటికీలన్నీ మూసేశారు. అద్దాల మీద ఆవిరి. తడి గొడుగులు, తడి బట్టలు, తడి ఊపిరి.

కండక్టరు కొత్తవాడు. పిల్లల తలలు లెక్కపెట్టే రకం.

పెద్దది నీలం గొడుగావిడ పక్కన చేరింది. మూరెడు దూరంలో. కడ్డీ పట్టుకుంది. తల్లి నాలుగు వరసల వెనక, చిన్నవాణ్ణి చంకనేసుకుని. ఇద్దరి మధ్యా మోచేతులు, సంచులు, వీపులు. కండక్టరు తల్లి దగ్గరికి వచ్చి టికెట్టు చింపాడు.

అప్పుడు బస్సు ఆగింది. వాళ్ళ స్టాపు కాదు. నీలం గొడుగావిడ స్టాపు.

ఆవిడ దిగింది.

కండక్టరు తల ఎత్తి చూశాడు. "ఏయ్ పాపా, మీ అమ్మ దిగిపోతోంది. దిగు, దిగు."

మనుషులు పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరో వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టారు, దయగానే.

పెద్దది వెనక్కి తిరిగింది. చూడకూడదని తెలిసీ చూసింది. ఒక్క చూపు.

ఆ ఒక్క ఊపిరిలో తల్లి చెప్పి ఉండవచ్చు. అది నా పిల్ల. మూడే మాటలు. కండక్టరు పక్కనే ఉన్నాడు. టికెట్ల కట్ట పట్టుకున్న చెయ్యి ఆమె భుజానికి తగులుతోంది.

తల్లి కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

అద్దంలో ఏమీ లేదు. ఆవిరి... నీళ్ళు...

గంట మోగింది.

బస్సు మలుపు తిరిగాక ఆమె నోరు పెగిలింది. ఆపండి, ఆపండి అని అరిచింది. నా పిల్ల దిగిపోయింది అంది. కండక్టరు ఆమె వైపు వింతగా చూశాడు.

"నీ పిల్లా? మరి ఇందాక నీ ఎదురుగానే దింపానుగా. నోరెందుకు ఎత్తలేదు?"

వెనక సీట్లోంచి ఎవరో నెమ్మదిగానే అన్నారు. "కన్నతల్లేనా?"

వంతెన దాటాక గానీ బస్సు ఆగలేదు.

*

పరుగు. చంకలో పిల్లవాడు, కాళ్ళ కింద నీళ్ళు. వంతెన పొడుగునా వాన. వాడు ఏడుస్తున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనడం లేదు... వాడు గట్టిగా ఏడుస్తున్నాడు, అమ్మా అమ్మా అని, అమ్మ చంకలోనే.

స్టాపులో ఎవరూ లేరు.

బండి మీద పట్టా కప్పుకుని కూర్చున్న పళ్ళాయన సందు వైపు చెయ్యి చూపించాడు.

"రిబ్బను జడ పాపేగా? వాళ్ళమ్మ వెనకాలే పోయింది."

తల్లి ఆయన్ని సరిదిద్దలేదు.

సందు చివర నీలం గొడుగు కనిపించింది. గొడుగు కింద ఆవిడ. ఆవిడ వెనక, పుస్తకాల సంచితో, పెద్దది.

మూరెడు దూరంలో.

గొడుగు అంచు నుంచి నీళ్ళు దాని నెత్తిన ధార కడుతున్నాయి. గొడుగు మలుపు తిరిగితే అదీ తిరిగింది. గొడుగు ఒక తలుపు ముందు ఆగితే అదీ ఆగింది. ఆవిడ తాళం తీయబోతూ వెనక్కి తిరిగి ఉలిక్కిపడింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవరి పిల్లవి?"

పెద్దది ఒక అడుగు వెనక్కి వేసింది.

తల్లి పిలిచింది. అది తిరిగి చూసింది. పరిగెత్తుకు రాలేదు. ముందు సందు ఆ చివర చూసింది, తర్వాత ఈ చివర. కండక్టరు ఎక్కడైనా ఉన్నాడేమోనని. అప్పుడు నడిచి వచ్చింది. వచ్చి, తల్లికి కాస్త ఎడంగా ఆగిపోయింది.

తల్లి చెయ్యి చాచింది. చేతికి చెయ్యి అందింది. చల్లగా, బరువు లేకుండా.

అది ఏడవలేదు.

*

ఆ రోజు ఆమె కుట్టిన కాజాల్లో సగం విప్పించారు.

సాయంత్రం బస్సెక్కలేదు. ముగ్గురూ నడిచే వచ్చారు. దారంతా చిన్నవాడి కబుర్లే. పెద్దది వానగుంటలు చూసుకుంటూ నడిచింది.

ఇంటికి వచ్చాక మంచినీళ్ళు కావాలంది, గోడతో. లెక్కల పుస్తకం తడిసిందంది, పుస్తకంతో. నానమ్మని నానమ్మా అంది, నాన్నని నాన్నా అంది. తల్లి వంటగట్టు దగ్గర నిలబడి లోపలే లెక్కపెట్టుకుంది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా... ఒక్కసారి కూడా.

ఏమైందని నానమ్మ రెండుసార్లు అడిగింది. వాన అని చెప్పింది తల్లి.

డ్యూటీకి వెళ్ళేముందు తండ్రి కంచం ముందు కూర్చున్నాడు. నానమ్మ గోడకి చేరబడి కూర్చుంది, పిల్లలు ఎదురుగా. తల్లి అందరికీ వడ్డించింది. తను కూర్చోలేదు. గరిటె చేతిలోనే ఉంది.

"ఇవాళ అది నా కళ్ళెదుటే తప్పు స్టాపులో దిగిపోయింది. నేను మొహం తిప్పుకున్నాను."

తండ్రి చెయ్యి కంచంలో ఆగింది.

"రేపట్నుంచి దానికి టికెట్టు తీసుకుంటాను. నా పక్కనే ఉంటుంది. ఎక్కడ తగ్గించుకోవాలో తర్వాత చూద్దాం."

గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అంది.

పెద్దది నమలడం ఆపింది. తల్లి వైపు చూడలేదు. ముందు నాన్న మొహం చూసింది. తర్వాత నానమ్మ మొహం.

ఎవరైనా వద్దంటారేమోనని...