గోడలో వదిలిన సందు

మేస్త్రీ కూతురు ఆటోలోనే ప్రాణం వదిలింది. నెలలు నిండిన పిల్ల, రక్తం ఆగలేదు. ఆస్పత్రి మేడ కొత్త లేఔటు గోడకు అవతలే కనిపిస్తోంది. పాత వీధి తెరిచి ఉంటే ఇట్టే చేరేవాళ్లం. గోడ చుట్టూ తిరిగి, హైవే ఎక్కి, మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది.

ఆ గోడ కట్టిందెవరు? మేస్త్రీ, మేమూ. ఇసుక, ఇటుకలు మోయడానికి గోడలో ఒక సందు వదిలి, దాన్ని చివర్లో పూడ్చడం మా పనిలో మామూలే. ఈసారి కాంట్రాక్టరు సరిగ్గా మా వీధికి ఎదురుగా వదలమన్నాడు. పూడ్చమని చెప్పకుండానే మమ్మల్ని పంపేశాడు. వీధి కోసమే వదిలాడని మురిసిపోయాం. మేం ఎదురు తిరగకుండా పని కానిచ్చుకుని, తర్వాత వేరే కూలీలను తెచ్చి పూడ్పించాడు.

నగరం పెరుగుతోందట! ఒకప్పుడు ఏ వీధిలో దూరినా ఇంకో వీధిలో తేలేవాళ్లం. ఇప్పుడు ఎక్కడికక్కడ లేఔట్లు, వాటికి గోడలు. లోపలి వీధులన్నీ తిరిగి తిరిగి ఒక్క గేటు దగ్గరికే వస్తాయి. కారున్నవాడికి ఇదొక లెక్క కాదు, నడిచేవాడికే ప్రాణం మీదికొస్తుంది.

ఆ సాయంత్రం అందరం బోరింగు దగ్గర చేరాం. కొందరు అర్జీ పెడదామన్నారు. ఇదివరకు పెట్టినవి ఏ గంగలో కలిశాయని ఆడవాళ్లు నిలదీశారు. గోడ పడగొడితే మనకింక పనెవరిస్తారని తాపీవాళ్లు నసిగారు. అప్పుడు మేస్త్రీ లేచాడు.

"పని పోతుందని ఇంకెన్ని గోడలు కడదాంరా? ఇంకెవరి పిల్లని చంపుకుందాం? మీరు రాకపోయినా సరే, నేను పోతున్నా."

ఒక్కణ్ణే ఎలా పోనిస్తాం? మర్నాడు పట్టపగలే మా కాలనీకి కాలనీయే గునపాలతో కదిలింది. కట్టిన చేతులకు కూల్చడమెంత పని? వీధి వెడల్పున గోడ నేలకూలింది.

పోలీసులు వచ్చి మేస్త్రీని వ్యానులోకి తోశారు. ఇది ప్రైవేటు స్థలమని, ఇక్కడ దారన్నదే ఎప్పుడూ లేదని ఇన్‌స్పెక్టరు గద్దించాడు. స్టేషను ఆస్పత్రి పక్కనే ఉంది. చుట్టూ తిరిగి పోవడానికి వాళ్లకూ ఓపిక లేకపోయింది. వ్యాను కూలిన ఇటుకల మీదుగానే లోపలికి దూరింది.

మేస్త్రీ చువ్వలు పట్టుకుని మావైపు తిరిగాడు. "దారి లేదన్నవాళ్లు ఎటు పోతున్నారో చూశారుగా. రండి, మీరూ వెనకాలే రండి."

కాలనీ మొత్తం నడిచింది. వాచ్‌మన్లు అడ్డం రాబోయి, జనాన్ని చూసి తప్పుకున్నారు. అందరికంటే ముందు చనిపోయిన పిల్ల తల్లి నడుస్తోంది. గునపం ఆమె చేతిలోనే ఉంది.