పళ్ళున్నదీ, పళ్ళు లేనిదీ

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో ఉద్యోగానికి చేరిన మొదటి వారంలోనే, చదివినదానికీ చెయ్యాల్సినదానికీ ఎంత దూరముందో ప్రణీతకు తెలిసొచ్చింది. డిప్లొమా పరీక్షలో పరికరాల బొమ్మలు చూపించి పేర్లు రాయమంటే ఒక్కటీ తప్పు పోని పిల్ల. తీరా ఇక్కడ ట్రేలో పట్టుకార్లలాంటి ముప్పై ఫోర్సెప్స్ పక్కపక్కనే పడుకుని తళతళలాడుతుంటే, అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా కనిపించాయి. అన్నిటికీ కత్తెరకున్నట్టు వేళ్ళు దూర్చే రెండు వలయాలు, నడుమ ఒక కీలు, బిగించాక ఊడకుండా చిన్న గొళ్ళెం. తేడా అంతా కొనలోనే, గోరంత చోట.

నాలుగో రోజు డాక్టర్ ఉమామహేశ్వర, రక్తం ఆపడానికి ఆర్టరీ ఫోర్సెప్స్ అడిగితే, ప్రణీత అచ్చం అలాగే ఉండే కోకర్స్ తీసి ఇవ్వబోయింది. పక్కనున్న వరమ్మ సిస్టర్ వేలితో ఆమె మణికట్టు మీద తట్టి, సరైనది తానే అందించింది. ఆపరేషన్ అయ్యాక సామాన్లు కడిగే గదిలోకి పిలిచి, ఆ రెండింటినీ ప్రణీత చేతుల్లో పెట్టింది.

"కండ్లు మూసుకోని బొటనవేలితో కొన తడుము పాపా. ఏం తేడా ఉండాది?"

"దీనికి కొనలో ఏదో గుచ్చుకుంటోంది సిస్టర్."

"అవి పళ్ళు. అది కోకర్స్. పేర్లు శానా బాగా బట్టీ పట్టినావు నువ్వు. పేరుదేముందిలే, చేసినోడు పెట్టుకున్నాడు. అది దేన్ని పట్టుకుంటాదో తెలుసుకో, పేరు దానంతటదే వస్తాది."

వరమ్మకు యాభై ఏడేళ్ళు. డాక్టర్ ఉమామహేశ్వర అద్దె ఇంట్లో ఆసుపత్రి మొదలుపెట్టిన నాటి నుంచి ఆయన పక్కన నిలబడిన మనిషి. ఆయన కళ్ళు గాయం మీదే ఉంటాయి. చెయ్యి మాత్రం పక్కకు చాపుతాడు. కావలసింది ఆ చేతిలోకి వచ్చి పడుతుంది. ఏం వచ్చిందో అని ఆయన ఎప్పుడూ తిరిగి చూసుకోలేదు. అంత నమ్మకం.

మరుసటి రోజు వరమ్మ మటన్ కొట్టు నుంచి మేకపేగు మూర పొడుగుది ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ప్రణీతది కోడుమూరులో చేనేత కుటుంబం. ఆ ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంటే వరమ్మ నవ్వింది.

"మొగం అట్ల తిప్పుకుంటే ఎట్ల? నువ్వు రేపు పట్టుకోవాల్సింది మనిషి పేగు."

పేగు ఒక కొస దారంతో కట్టి, నీళ్ళు నింపి, రెండో కొసా కట్టింది. కొనలో సన్నటి పళ్ళున్న అలిస్ ఫోర్సెప్స్‌తో ఒకచోట బిగించి వదిలింది. కాసేపటికి అక్కడ వరసగా సన్నటి నీటిబొట్లు తేలాయి. తర్వాత బాబ్‌కాక్‌తో ఇంకోచోట బిగించి వదిలింది. దాని కొన గుండ్రంగా ఉంటుంది, మధ్యలో కిటికీలా ఖాళీ, పళ్ళు ఉండవు. ఎంతసేపు చూసినా అక్కడ తడి రాలేదు.

"చూసినావా? అది కొరుకుతాది. ఇది పొదివి పట్టుకుంటాది."

"మరి కొరికేదాన్ని అసలెందుకు పెట్టినట్టు సిస్టర్?"

"జారిపోయేదాన్ని కొరక్కుండా ఎట్ల పట్టుకుంటావు? కోసి తీసేసే గడ్డ, చర్మం అంచు, వాటికి అలిస్ కావాల. కడుపు మీద గట్టి పొర ఉంటాది, దానికి కోకర్స్ కావాల. దేన్నీ చెడ్డది అనుకోవద్దు. లోపల బతకాల్సిన మెత్తటిదాన్ని మాత్రం కొరకగూడదు, అంతే."

ఆ వారం ఇంటికి వెళ్ళినప్పుడు ప్రణీత ఇదంతా తండ్రి గురుస్వామికి చెప్పింది. ఆయన మగ్గం మీద తెగిన పోగు అతుకుతున్నాడు. తలెత్తకుండానే విన్నాడు. "గట్టిగా పట్టుకుంటే పోగు నలుగుతాది, వదులుగా పట్టుకుంటే జారుతాది. ఎంత పట్టుకోవాలనేది నోటితో చెప్తే వచ్చేది కాదులేమ్మా. మీ సిస్టర్ దగ్గర్నే ఉండు," అన్నాడు.

ప్రణీత అలాగే ఉంది. మూడు నెలలు గడిచేసరికి ట్రే మీద గుడ్డ కప్పి, లోపల చెయ్యి పెట్టి ఏది ఏదో చెప్పగలిగేది. అప్పుడే ఇంకో సంగతి కూడా గమనించింది. వరమ్మ ఏ ఫోర్సెప్స్ అందించినా, ముందు దాని కొనను బొటనవేలితో ఒకసారి రాసి చూస్తోంది. రెప్పపాటు కాలం, అంతే. అది అనుభవం నేర్పిన అలవాటని ప్రణీత అనుకుంది. తానూ అలాగే చెయ్యడం నేర్చుకుంది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఉల్లిగడ్డల మార్కెట్‌లో హమాలీ పని చేసే ఓబులేష్‌ను ఆటోలో తెచ్చారు. గజ్జల్లో ఉన్న హెర్నియా ఉదయం బస్తా ఎత్తుతుండగా బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోలేదు. వాంతులు, కడుపు నొప్పి. పేగు ఇరుక్కుపోయిందని, అరగంటలో ఆపరేషన్ మొదలుపెట్టాలని డాక్టర్ అన్నాడు. భార్య హనుమమ్మ కాగితాల మీద వేలిముద్ర వేసి, బయట బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

రక్త పరీక్షలో అతనికి కామెర్ల వైరస్ ఉందని తేలింది. అందుకని అందరూ రెండేసి జతల గ్లౌజులు వేసుకున్నారు. ట్రే సర్దింది ప్రణీత. ఆత్రంలో వరమ్మ ఎప్పుడూ పెట్టే వరసలో కాకుండా, చేతికి వచ్చిన వరసలో పెట్టేసింది.

నడుము కింద మొద్దుబారేలా సూది ఇచ్చారు కాబట్టి ఓబులేష్ మెలకువగానే ఉన్నాడు. ఛాతీ దగ్గర అడ్డంగా కట్టిన ఆకుపచ్చ గుడ్డకు అవతల అతని తల ఉంది. "ఏమప్పా, భయమైతాందా?" అని డాక్టర్ అడిగితే, "మీరుండారు కద సార్," అన్నాడు.

సంచిలాంటి పొర తెరిచాక పేగు కనిపించింది. నేరేడు పండు రంగుకు తిరిగి ఉంది. బిగుసుకున్న చోటు వదులు చేసి, వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ కప్పి, అందరూ ఎదురుచూశారు. నిమిషాలు గడిచాయి. గుడ్డ తీసి చూస్తే నలుపు కొంచెం విరిగి, ఎరుపు తిరుగుతోంది. బతికేటట్టే ఉంది. కాని ఆ స్థితిలో అది తడిసిన కాగితంతో సమానం.

"బాబ్‌కాక్," అని డాక్టర్ చెయ్యి చాపాడు.

వరమ్మ చెయ్యి ట్రే మీదికి వెళ్ళింది. బొటనవేలు కొనను రాసింది. రాసింది రెండు పొరల రబ్బరు మీంచి. తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

ప్రణీత చూసింది. అది బాబ్‌కాక్ కాదు, అలిస్.

థియేటర్‌లో ఆమె ఇంతవరకూ ఎవరూ అడక్కుండా నోరు తెరవలేదు. అందులోనూ తప్పు పోయింది వరమ్మది. తానే పొరబడుతున్నానా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణంలోనే డాక్టర్ చెయ్యి పేగు వైపు దిగుతోంది. 'తప్పు' అన్న మాట నోటి దాకా వచ్చింది. గుడ్డ అవతల ఓబులేష్ వింటున్నాడని గుర్తొచ్చి ఆగిపోయింది. ట్రేలోంచి అసలైనది తీసి, డాక్టర్ చేతికి ఎదురుగా పట్టుకుంది.

"బాబ్‌కాక్, సార్," అంది. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

డాక్టర్ ఆగాడు. ఆమె చేతిలోది చూశాడు. తర్వాత తన చేతిలోది చూసుకున్నాడు. అలిస్‌ను ట్రేలో పెట్టి, బాబ్‌కాక్ అందుకుని పని మొదలుపెట్టాడు. మిగతా నలభై నిమిషాలూ పేర్లు తప్ప వేరే మాట లేదు. వరమ్మ ఒక అడుగు వెనక్కి జరిగి, కళ్ళతోనే ప్రణీతను ముందుకు రమ్మంది. ఆ తర్వాత అన్నీ ప్రణీతే అందించింది.

ఆ సాయంత్రం వరమ్మ ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయింది. ప్రణీతకు హాస్టల్‌లో అన్నం సయించలేదు. ట్రే వరస మార్చింది తను. తప్పు తనది పెట్టుకుని, పెద్దమనిషిని అందరి ముందు నిలబెట్టినట్టయిందని కుమిలిపోయింది.

పొద్దున్నే వరమ్మ తనే పిలిచింది. కడిగే గదిలో బల్ల మీద గుడ్డ పరిచి, పన్నెండు ఫోర్సెప్స్ తీసి ప్రణీతకు ఇచ్చింది. తాను గోడకు ఆనుకుని నిలబడింది.

"ఒక్కొక్కటి ఎత్తి చూపించు. నేను పేరు చెప్తా. తప్పయితే తప్పని చెప్పల్ల. నా మొగం చూసి ఊరుకోవద్దు."

"సిస్టర్, ట్రే వరస మార్చింది నేను. మీ తప్పు కాదు."

"వరస చేతి సౌకర్యానికి పాపా. ఇచ్చేముందు చూసేది కండ్లు. చూపించు."

ప్రణీత ఎత్తింది. మొదటిది స్పాంజ్ హోల్డర్ అని వరమ్మ సరిగ్గానే చెప్పింది. పెద్ద వలయాలు కాబట్టి అది ఎవరికైనా కనిపిస్తుంది. ఆర్టరీని కోకర్స్ అంది. బాబ్‌కాక్‌ను అలిస్ అంది. ప్రణీత తప్పని చెప్పకుండానే ఇంకోటి ఎత్తబోయింది. "నోరు తెరిచి చెప్పు," అని వరమ్మ గద్దించింది. పన్నెండింటిలో అయిదు తప్పు పోయాయి. ఆఖరిదాన్ని ప్రణీత కింద పెట్టేసరికి, వరమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటోంది. తుడిచింది అద్దాలను కాదు.

"ఎనిమిది నెలలైంది. థియేటర్ లైటు చుట్టూ పొగ కమ్మినట్ల కనపడ్తాది. కంట్లో శుక్లమని నాకు తెలుసు. చేతికి తెలుస్తాండాది కదా, కండ్లతో ఏం పనిలే అనుకుంటి. నిన్న రెండు గ్లౌజులు వేసుకున్నాక ఆ చెయ్యి కూడా మూగదైపోయింది."

"ఇంట్లో కూడా చెప్పలేదా?"

"మా ఆయన దావీదురాజుకే తెలీదు. ఆదివారం చర్చికి పోతే పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటా. పాటలన్నీ నోటికొచ్చినవే. చదవడం లేదని పక్కనున్నోళ్ళకు ఎట్ల తెలుస్తాది? ఇరవై తొమ్మిదేండ్లు ఈడ నిలబడినా పాపా. కండ్లు పోయినాయంటే స్టూలేసి బయట కూర్చోబెడ్తారని భయం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "ఆ భయంతో నిన్న ఒగ మనిషి పేగు చించేదాన్ని," అంది.

ఓదార్చే మాటలు నాలుగైదు ప్రణీత మనసులోకి వచ్చాయి గాని, ఏదీ ఆ మనిషికి సరిపోయేది కాదనిపించింది. గోడ దగ్గరికి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది.

"పా, సార్ దగ్గరికి పోదాం. నువ్వు కూడా రా. నేను మధ్యలో మాట మారిస్తే నువ్వు చెప్పాల."

వరమ్మ మాట మార్చలేదు. అంతా విన్న డాక్టర్ మొహం ఎర్రబడింది. "ఎనిమిది నెలలు! ఒక్క మాట చెప్పలేకపోయావా వరమ్మా?" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఆయన కిటికీ దాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. కోపం పోలేదు గాని మాట తగ్గింది. "నా చేతిలో పెట్టిందేమిటో నేను చూసుకోవాలి. ఇన్నేళ్ళూ చూసుకోలేదు. అది నా తప్పు," అన్నాడు.

ఆ రోజంతా డాక్టరూ వరమ్మా కూర్చుని, ఇంతకుముందు ఎవరికైనా హాని జరిగిందేమోనని ఎనిమిది నెలల ఆపరేషన్ రిజిస్టరు తిరగేశారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందితో మళ్ళీ ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఇద్దరే. వాళ్ళ కాగితాలు డాక్టర్ రెండేసిసార్లు చదివి వినిపించి, ఫోన్లు చేసి కనుక్కున్నాడు. కారణాలు వేరే. అది తేలాకే వరమ్మ మంచినీళ్ళు తాగింది.

ఓబులేష్ ఎనిమిదో రోజు ఇంటికి పోతూ, థియేటర్ గుమ్మం దగ్గర ప్రణీతను ఆపాడు. హనుమమ్మ అతని చెయ్యి పట్టుకుని ఉంది.

"అమ్మా, ఆ పొద్దు బాబుకాక బాబుకాక అని గట్టిగా పిలిస్తివి. ఎవరమ్మా ఆయప్ప? ఆయన వచ్చినాకనే డాక్టర్ సార్ నెమ్మదిగా ఊపిరి పీల్చుకున్నట్ల వినపడింది. దండం పెట్టి పోదామని."

ప్రణీతకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. "ఈ రోజు లేడులేప్పా. నేను చెప్తాలే," అంది.

వరమ్మ రెండు కళ్ళకూ నెల తేడాలో ఆపరేషన్ చేశారు. అన్నాళ్ళూ డాక్టర్ పక్కన ప్రణీత నిలబడింది. ఏది చేతిలోకి వచ్చినా డాక్టర్ ఒకసారి చూసి, పేరు పైకి చెప్పి, అప్పుడే వాడేవాడు. మొదట్లో ప్రణీతకు అది తన మీద అపనమ్మకంలా తోచింది. పది రోజులకు తనూ పేరు చెప్పి అందించడం మొదలుపెట్టింది. ఇద్దరి మాటా కలిస్తేనే పని.

వరమ్మ జనవరిలో తిరిగి వచ్చింది. రోజు మార్చి రోజు ప్రణీతతో పాటు నిలబడింది. జూన్‌లో రాజంపేట నుంచి స్తుతి అనే కొత్తమ్మాయి చేరితే, పాఠం చెప్పే పని ప్రణీత మీద పడింది. ఒకరోజు అలిస్‌నూ బాబ్‌కాక్‌నూ చేతుల్లో పెట్టుకుని, ఈ రెండూ తారుమారైతే ఏమవుతుందో స్తుతికి వివరిస్తోంది.

"ఒకసారి ఒకచోట ఒక సిస్టర్..." అని మొదలుపెట్టింది.

బల్ల అవతల సామాన్లు తుడుస్తున్న వరమ్మ చెయ్యి ఆగింది.

"ఒకచోట కాదు, ఈడనే. ఒక సిస్టర్ ఏంది? నా పేరు చెప్పు ప్రణీతా. పేరు లేకుండా చెప్తే ఆ పాప కత అనుకుంటాది."

ప్రణీత స్తుతి వైపు తిరిగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పడం ప్రారంభించింది.