రెక్కలకు కుట్టిన గుడ్డ

అన్నయ్య విమానం కూలిపోయాక చెల్లెలు కుట్టుమిషను ముట్టుకోలేదు. కత్తిరించిన బట్టలు కత్తిరించినట్టే దుకాణంలో మూటలుగా పడున్నాయి. ఎవరైనా వచ్చి అడిగితే "ఒంట్లో బాలేదండీ" అనేది. అబద్ధమేం కాదు. మెట్లెక్కాలన్నా కాళ్లు పీకేవి.

అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి ఆ చిన్న విమానాన్ని కట్టుకున్నాడు. చెక్క చట్రం అతను చేస్తే, దానిమీద గుడ్డ బిగించి బద్దబద్దకీ దారంతో కుట్టింది చెల్లెలు. "నా కర్టెన్లకైతే తీరిక దొరకదు గానీ, విమానానికి చొక్కా కుట్టిపెడుతుంది మహాతల్లి" అని వదిన వెక్కిరించేది, టీ గ్లాసులు అందిస్తూ. అందరూ నవ్వేవాళ్లు.

కొన్నాళ్లు బాగానే ఎగిరింది. ఒక ఆదివారం పొద్దున మాత్రం పైకి లేచిన కాసేపటికే నేలకు గుద్దుకుంది. అన్నయ్య అక్కడికక్కడే పోయాడు. రెక్క గుడ్డ చిరిగి గాల్లో కొట్టుకుందని చూసినవాళ్లెవరో అన్నారు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ తన కుట్టే ఊడిందేమోనన్న అనుమానం చెల్లెల్ని వదల్లేదు. దానికితోడు, అంత్యక్రియలప్పటినుంచీ వదిన ఆమెతో మాట్లాడడం మానేసింది.

దర్యాప్తు అధికారి రమ్మని కబురు పంపితే కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. గోదాములో విమానం ముక్కల్ని ఎక్కడివక్కడ నేలమీద పరిచారు. ఉన్న ఒక్క కుర్చీనీ ఆమె ముందుకు జరిపి, ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గుడ్డ కుట్టింది మీరేనటగా?"

తలూపింది. "ఊడిపోయిందాండీ?" అని అడిగింది.

"లేదమ్మా. నేలకు తగిలాక చిరిగింది. కుట్లెక్కడా వదల్లేదు. పెట్రోలు గొట్టంలో చెత్త అడ్డుపడి ఇంజను ఆగిపోయింది. ఎదురుగా దున్నిన పొలముంది. తిన్నగా పోయి అందులో దింపేస్తే విమానం విరిగినా మనిషి దక్కేవాడేమో. వెనక్కి తిప్పాడు. అంత తక్కువ ఎత్తులో తిప్పితే నిలవదు."

"ఎందుకు తిప్పాడు?"

"అది ఆయన్నే అడగాలి."

గుండెల మీద బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. అలాగే వదినింటికి నడిచింది.

వదిన వంటింట్లో గిన్నెలు తోముతోంది. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి, విన్నదంతా చెప్పి, "నా కుట్టు కాదంట వదినా" అంది.

"నీ కుట్టని ఎవరన్నారు?"

"నువ్వు మాట్లాడకపోతే, అదే అనుకుంటున్నావనుకున్నా."

వదిన గిన్నె కింద పెట్టింది. "మీరిద్దరూ షెడ్డులో ఇకఇకలు పకపకలుగా ఉండేవాళ్లు. నేను టీ ఇచ్చి వచ్చేసేదాన్ని. ఇటు రా, ఈ కొస పట్టుకో అని ఒక్కసారన్నా అన్నారా? తలుచుకోడానికి నీకు అంత ఉంది. నాకేముందే, కడిగిన గ్లాసులు తప్ప?"

"అనలేదు వదినా. తోచనేలేదు" అంది చెల్లెలు. గుమ్మంలోనే చతికిలబడింది. కాసేపటికి వదిన కూడా చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూలబడింది.

"మొండి మనిషి. బస్సు దారిలో చెడితే ఎలాగో డిపోకి చేర్చాకే దిగేవాడు. దీన్నీ అలాగే ఇంటికి తెచ్చేద్దామనుకునుంటాడు" అంది వదిన. అనేసరికి ఇద్దరికీ ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకున్నాక వదినే లేచింది. "షెడ్డు ఖాళీ చెయ్యాలి. నా ఒక్కదానివల్ల కాదు."

తలుపు తీశారు. రేకుల వేడి, వార్నిష్ వాసన మొహానికి కొట్టాయి. బల్లమీద అతని కళ్లద్దాలు బోర్లా పడున్నాయి. దేనిమీదా చెయ్యి వెయ్యలేక ఇద్దరూ అలాగే నిలబడిపోయారు.

"రేపు చూద్దాంలే" అంది వదిన, తలుపు దగ్గరికి వేస్తూ.

ఆ రేపు రావడానికి చాలా వారాలు పట్టింది. అయితే ఆ బల్లను అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు పట్టుకునే బయటికి మోశారు.