పొగమంచులో ఆవుల పేర్లు

లవీనాకు డెబ్బై నాలుగేళ్ళు. కొత్త పెళ్ళికూతురు. పెళ్ళయి ఎనిమిది వారాలైనా, పొద్దున్నే గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన అల్ఫాన్స్ బూట్లు కనిపిస్తే ఇంకా నవ్వొస్తుంది. ఎనభై ఒక్క ఏళ్ళ ఆ మనిషి భోజనాలయ్యాక గిన్నెలు కడుగుతూ, ఎప్పుడో పోయిన తండ్రి పాకలోని ఇరవై మూడు ఆవుల పేర్లు వరసగా చెబుతాడు. పేరుకొక పళ్ళెం. పళ్ళేలు చాలకపోతే చెంచాలు. తుడిచే గుడ్డ పట్టుకుని ఆమె పక్కనే నిలబడుతుంది. ఇందులో ఇంత సుఖం ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ ఊరు అమెరికాలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉంది. అరవై రెండేళ్ళ కిందట మార్గరెట్ లిండాల్ అనే ఆ ఊరి అమ్మాయి, దీవి నుంచి ఒడ్డుకు పదమూడు మైళ్ళు ఆ మంచునీళ్ళలో ఈది దేశమంతటా పేరు తెచ్చుకుంది. ఆమె పక్కన పడవ నడిపింది తానేనని అల్ఫాన్స్ అంటాడు. పత్రికలో వచ్చిన ఫోటోలో మాత్రం పడవలో ఆమె అన్న రాయ్ ఉన్నాడు.

"ఫోటో తీసేవాడు వచ్చేసరికి పాలు పితికే వేళైంది. నేను ఇంటికెళ్ళిపోయా" అనేది అల్ఫాన్స్ సమాధానం. శుక్రవారం సాయంత్రం చేపల వేపుడు తినడానికి ఊరంతా చేరే హోటల్లో ఆ మాటకు నవ్వనివాళ్ళు లేరు.

"కెప్టెన్‌గారూ, ఇవాళ చేపలు మీరే పట్టారా?"

"నేనే పట్టానురా. రా, వచ్చి ఫోటో నువ్వు దిగు."

ఇలా నడుస్తుండగా మార్గరెట్ జీవిత చరిత్ర వచ్చింది. ఆ ఊళ్ళో జీవిత చరిత్రను మొదటి పేజీ నుంచి ఎవరూ తెరవరు. చివర ఉండే పేర్ల పట్టికలో తమ ఇంటిపేరు వెతుక్కుంటారు. ఉంటే కొంటారు, లేకపోతే రాసినామెకు ఏమీ తెలియదని తేల్చేస్తారు. నలభై ఏళ్ళు అక్కడి గ్రంథాలయం నడిపిన లవీనా కూడా అదే చేసింది. బల్ల దగ్గరే నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, అల్ఫాన్స్ ఇంటిపేరు క్రేమర్ కోసం 'కె' అక్షరం కింద వేలు పెట్టింది.

ఇప్పుడు గ్రంథాలయం చూస్తున్న జోలీన్ మెల్లిగా అడిగింది. "ఉందా అమ్మా?"

"లిండాల్ వాళ్ళ కుక్క ఉంది. మూడు పేజీల్లో ఉంది. క్రేమర్ లేదు."

శుక్రవారానికి ఆ సంగతి హోటల్‌కు చేరిపోయింది. "కెప్టెన్‌గారూ, కుక్క కూడా మీ పడవలోనే వచ్చిందా?" అల్ఫాన్స్ అందరితో పాటు నవ్వాడు. ఇంటికొచ్చి గిన్నెలు కడిగాడు. ఒక్క ఆవు పేరూ పలకలేదు.

మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. పెళ్ళికి ముందు ఆ పడవ కథ ముద్దుగా ఉందనుకుందే గాని, నిజమేనా అని లవీనా ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడందుకు సిగ్గేసింది. తన వంటింటికి ఆ ఆవులు తిరిగి రావాలి. అంతకన్నా ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

పుస్తకం తెచ్చి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. నూట ఎనభై ఏడో పేజీలో మార్గరెట్ డైరీ నుంచి నాలుగు వాక్యాలు ఉన్నాయి. 'పొగమంచు కమ్మేసింది. పడవ కనపడలేదు. మంచులోంచి ఒక గొంతు ఆవుల పేర్లు పిలుస్తూనే ఉంది. పేరు వినపడిన వైపు ఈదాను.' దాని కింద రచయిత్రి, ఆ గొంతు అన్న రాయ్‌దే అనుకుని, అతను హాస్యప్రియుడని మెచ్చుకుంది.

లవీనా పుస్తకం గుండెకు హత్తుకుని గట్టిగా నవ్వేసింది. లిండాల్ వాళ్ళది చెప్పుల కొట్టు! రాయ్‌కి ఆవులెక్కడివి?

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం రచయిత్రి క్లేర్ ఆస్టర్‌మన్ గ్రంథాలయానికి వచ్చింది. అల్ఫాన్స్ రానన్నాడు. కాఫీ, కేకు ఉంటాయంటే వచ్చి, వెనక వరసలో కూర్చున్నాడు. ప్రశ్నల వేళకు లవీనా లేచింది.

"ఆ ఆవుల పేర్లు డైరీలో ఉన్నాయామ్మా?"

"ఉన్నాయండీ, గుర్తున్నంతవరకూ రాసుకుంది. పెద్ద జాబితా అని పుస్తకంలో వేయలేదు. నా ఫోన్లో ఆ పేజీ ఫోటో ఉంది."

"కాస్త తీసి పెట్టుకో." లవీనా గొంతు సవరించుకుని, మొహం అమాయకంగా పెట్టింది. "పాన్సీ, డచెస్, మేబెల్..."

వెనక కుర్చీ చప్పుడైంది. "డచెస్ కన్నా ముందు పాన్సీయా? తన్ని చంపేస్తుంది! అన్నిటికన్నా ముందు డచెస్ పాకలోకి వెళ్ళాలి. తర్వాత మేబెల్. పాన్సీ గుమ్మంలో ఆలోచిస్తూ నిలబడుతుంది, దాన్ని ఆఖర్న తోలాలి. రోజూ వింటావు కదే!"

"మర్చిపోయా. వారం రోజులై వినలేదుగా. నువ్వే చెప్పు."

అల్ఫాన్స్ కేకు పళ్ళెం పక్కన పెట్టాడు. డచెస్, మేబెల్, ఓల్గా, టులిప్... కళ్ళు మూసుకుని, ఎడంచేత్తో తెడ్డు వేస్తున్నట్టుగా, ఒక్కొక్క పేరూ పిలిచాడు. క్లేర్ ఫోన్ మీద వేలితో వరస చూసుకుంటోంది. పదో పేరు దాకా ఒక్కటీ తప్పలేదు. పద్దెనిమిదో పేరుకు కళ్ళు తుడుచుకుంది.

"మార్గరెట్ ఇక్కడితో ఆపేసింది" అంది. "'ఇంకా ఉన్నాయి, కానీ ఒడ్డు వచ్చేసింది' అని రాసింది."

"ఇంకా అయిదున్నాయి" అన్నాడు అల్ఫాన్స్.

"చెప్పండి కెప్టెన్‌గారూ" అన్నారెవరో. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను చెప్పాడు, పాన్సీని ఆఖర్న తోలాడు.

రెండో ముద్రణలో సరిచేస్తానని క్లేర్ మాటిచ్చింది. లవీనాకు అంత ఓపిక లేదు. అందరూ కేకు మీద పడగానే గ్రంథాలయం ప్రతి తీసి, జోలీన్ బల్ల మీది పెన్సిల్ అందుకుంది. పుస్తకాల్లో రాసినవాళ్ళకు నలభై ఏళ్ళు జరిమానాలు వేసిన చెయ్యి అది. జోలీన్ కిటికీ వైపు తిరిగి, వాతావరణం బాగుందంది.

పేర్ల పట్టికలో 'కె' కింద క్రేమర్ అని రాయడానికి లవీనా పెన్సిల్ ఆనించింది. భుజం మీదుగా అల్ఫాన్స్ తొంగి చూశాడు.

"ఆగు ఆగు" అన్నాడు. "ముందు డచెస్‌ని ఎక్కించు."