ముందుగా ఎవరికి చెప్పాలి

చొక్కా కాలరు లోపల పేరు రాసిన గుడ్డపట్టీ కుట్టడం పొద్దుట్నుంచీ ఇది పదకొండోసారి. మేజోళ్లతో సహా ప్రతి బట్ట మీదా పేరూ నంబరూ ఉండాలని శిక్షణ కేంద్రం పంపిన కాగితంలో ఉంది. ఎల్లుండే ప్రయాణం. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అందరూ పిచ్చుక అని పిలిచిన కూతురు ఆర్మీ ఆఫీసరు శిక్షణకు వెళ్తోంది. ఆ పిచ్చుక అప్పుడే పరుగు ముగించుకుని వచ్చి, చెమటైనా ఆరకుండా కాగితాల కట్ట ముందేసుకుని కూర్చుంది.

తల్లికి మాత్రం కాలు నిలవడం లేదు. కుట్టు సగంలో వదిలి ఇస్త్రీపెట్టె దగ్గరికి పోయింది. ప్యాంటు ఒక కాలు ఇస్త్రీ చేసి, బూట్ల లేసులు విప్పి మళ్లీ కట్టింది. మధ్యలో భర్తకు రెండుసార్లు టీ, అత్తగారికి మాత్రలు. "వెళ్లేది అదా నువ్వా? ఎందుకే ఈ కంగారు!" అని విసుక్కుంది అత్తగారు.

"నాన్నా, ఇక్కడో గడి ఉంది," అంది పిచ్చుక. "నాకేదైనా అయితే ముందుగా ఎవరికి కబురు చెయ్యాలీ అని. ఒక్కరి పేరే రాయాలట. అమ్మ పేరు రాస్తున్నా."

తండ్రి పేపరు దించలేదు. "రాసుకో. ఫోన్ నంబరు మాత్రం నాది వెయ్యి. మీ అమ్మకు ఫోనెక్కడిది? ఇన్నేళ్లూ ఆవిడకొచ్చిన ఫోన్లన్నీ ఎత్తింది నేనేగా."

మళ్లీ కుట్టు ముందు కూర్చున్న తల్లికి సూది వేలిలో దిగింది.

నిజమే, ఎత్తింది ఆయనే. ఇంట్లో ఉండేదానికి ఫోనెందుకన్నాడు. ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లు కూడా ఆయన్నే అడగాలి. తొమ్మిదేళ్ల కిందట ఆయన పై అధికారి కుటుంబంతో భోజనానికి వచ్చిన రోజు కూడా ఫోన్ ఎత్తింది ఆయనే. పదకొండు గంటలకు. విని, ఫోన్ జేబులో వేసుకుని, వంటింట్లోకి తొంగిచూసి, "కూరలో కారం తగ్గించు, వాళ్లు తినలేరు," అన్నాడు. ఆమె కారం తగ్గించింది. వడ్డించింది. మారు వడ్డించింది. అధికారి ఏదో జోకు వేస్తే పళ్లెం పట్టుకునే పడీ పడీ నవ్వింది. వాళ్లు వెళ్లి, గిన్నెలన్నీ తోమాక, నాలుగింటికి చెప్పాడు, మీ అమ్మ పోయిందట అని. "ముందే చెబితే నీ చేతులాడేవా? నీ మంచికే ఆగాను." ఎంత నిబ్బరమో నా కొడుక్కి, అని అత్తగారు మెచ్చుకుంది. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది. చివరిచూపు దక్కలేదన్న బాధ కాలంతో కాస్త మెత్తబడింది. ఆ నవ్వు మాత్రం మెత్తబడలేదు. అమ్మ లేని లోకంలో అయిదు గంటలు తిరిగింది తను, నవ్వుతూ.

రేపు ఏ కొండ మీదో పిచ్చుక కాలు జారితే, ఫోన్ మోగేది ఆ జేబులోనే. ఆయన ముందు పొయ్యి వైపు చూస్తాడు, వంట ఎంతవరకు వచ్చిందో అని.

చొక్కా మడతపెట్టి లేచింది. "ఆ గడి ఖాళీగా ఉంచు," అని కూతురితో చెప్పి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే? పొయ్యి మీద కూర మాడిపోతుంది!" అత్తగారు కేకేసింది.

"మీ అబ్బాయిని దింపమనండి."

వీధి చివర ఫోన్ల కొట్లో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, "నంబరు ఎవరి పేరు మీద కావాలమ్మా?" అని అడిగాడు కొట్టతను. ఆమె తన పేరు చెప్పింది. సరిగా వినపడలేదన్నాడు. ఈసారి గట్టిగా చెప్పింది.

ఇంటికొచ్చేసరికి కూర మాడింది. భర్త ఆమె చేతిలోని బటన్ల ఫోన్ వంక చూశాడు. "నేనుండగా నీకు వేరే నంబరెందుకు? నామీద నమ్మకం లేదా?"

ఆమె పిచ్చుక చేతిలోంచి పెన్ను తీసుకుంది. నంబరు ఇంకా నోటికి రాలేదు. కొట్టతను ఇచ్చిన చీటీ చూసుకుంటూ ఒక్కొక్క అంకె గడిలో వేసి, పెన్ను మూత పెట్టి తలెత్తింది.

"పిల్ల కబురేదైనా వస్తే మీకు నేనే చెప్తాను," అంది నెమ్మదిగా. "మీరు భోజనం చేస్తుంటే, అయ్యేదాకా ఆగుతాన్లెండి."