‘తాళం తీయండి’

చెల్లెలు చేసిన ఫోన్ ఆట పేరు ‘తాళం తీయండి’. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఆడమనిషిగా ఆడాలి. గంటకు అరవై కాలర్లు కుట్టాలి, నీళ్లు తాగాలి, బయటినుంచి తాళం వేసిన తలుపు తీయించుకోవాలి. నెల తిరక్కుండా రెండు లక్షల మంది ఆడారు.

అక్క వకీలు. నిజం ఫ్యాక్టరీల్లో వేసే అలాంటి తాళాల మీదే పదకొండేళ్లుగా కోర్టుల చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతోంది. బస్సులో పక్క సీటు అమ్మాయి ఆట ఆడుతూ, “అయ్యో, మంటలంటుకుంటే వీళ్లెలా బయటపడతారు?” అని కళ్లు తుడుచుకుంటే అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ముక్క తను ఎన్ని వాయిదాల్లో చెప్పింది! ఒక్క కన్నయినా తడిసిందా?

అమ్మ మరీను. “దానికి బొమ్మలు గీయడం తప్ప ఏం రాదనుకున్నాం. చూడవే, పేపర్లో ఫోటో వేశారు!” అంటూ పెద్దకూతురికే చూపించింది.

ఆట విడుదలకు ముందు చెల్లెలు వచ్చి అడిగింది. “అక్కా, చట్టం సంగతి నీకే తెలుసు. తప్పులుంటే చెప్పవే.”

ఆటలోని చివరి మెట్టులో కుట్టుమనిషి మేనేజరు ఎదుట నిలబడి నోటితో ఫిర్యాదు చేస్తే గెలిచినట్టే. అది తప్పని అక్కకు చూడగానే తెలిసింది. ఫిర్యాదు కాగితం మీద రాసివ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. లేకపోతే మర్నాడు పనిలోంచి పీకేసినా అడిగే దిక్కుండదు. మాట నోటిదాకా వచ్చింది. వెలిగిపోతున్న చెల్లెలి మొహం చూసి మింగేసింది. “బాగుందే,” అంది.

పేపర్లో ఫోటో పడిన వారానికి ఒక కుట్టుమనిషి అక్క ఆఫీసు మెట్లెక్కి వచ్చింది.

“ఆటలో చూపించినట్టే చేశానమ్మా. మా లైనులో కుట్టేవాళ్లంతా చప్పట్లు కొట్టారు కూడా. సాయంత్రానికి గేటు బయట పెట్టారు. ‘నువ్వెప్పుడు ఫిర్యాదు చేశావు, కాగితం చూపించు’ అంటున్నారు.”

అక్క ఆవిడ వివరాలు రాసుకుంది. తిన్నగా చెల్లెలి గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

“తెలిసీ బాగుందన్నావా? ఎందుకే?”

“ఓర్వలేక.”

“నామీద ఏడిస్తే నన్ను తిట్టాల్సింది. ఆవిడేం చేసిందే?” అని చెల్లెలు కుర్చీ జరిపింది. “కూర్చో. కాగితంలో ఏం రాయాలో చెప్పు.”

ఆ మధ్యాహ్నమే చివరి మెట్టు మారింది. గెలిచినవాళ్ల చేతికి ఫిర్యాదు నమూనా వచ్చేది. పది రోజుల్లో ఆ లైనులోని నలభై మంది దానిమీద సంతకాలు చేసి కార్మిక శాఖకు పంపారు. ఇన్‌స్పెక్టరు వచ్చి తాళాలు ఊడదీయించాడు. అక్క వేసిన కేసులో రెండో వాయిదాకే కుట్టుమనిషికి పని తిరిగొచ్చింది. పదకొండేళ్లలో అక్కకు ఒక్క సాక్షి దొరకలేదు. ఇప్పుడు నలభై మంది! వాళ్లనీ చెల్లెలి ఆటే తెచ్చిపెట్టిందన్న ఊహ గెలిచిన పూటా ముల్లులా గుచ్చింది.

కోర్టు వరండాలో కుట్టుమనిషి అక్క చేతులు పట్టుకుంది. “ఆట చేసినమ్మ ఎక్కడుంటారమ్మా? ఒక్కసారి చూడాలి.”

ఆ కాగితం రాసిన రోజు నుంచి మాటల్లేని చెల్లెలికి అక్క ఫోను చేసింది. “నిన్ను చూడాలంటోంది. రావే.”

“తప్పు తెలిసీ దాచావని ఆవిడకు చెప్పావా?”

“లేదు. నువ్వొస్తే నీ ముందే చెబుతా.”

“ఆవిణ్ని అక్కడే కూర్చోబెట్టు. వస్తున్నా,” అంది చెల్లెలు.